ఈస్నోఫీలియా అనే మాట వెనక

(హైదరాబాద్‌లో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

నమస్కారం. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసీ వాళ్లు, హౌస్‌సర్జన్లతో పాటు రోగుల ఇళ్లవాళ్లూ వచ్చారని చెప్పారు. అందుకని అందరికీ పనికొచ్చేలా మాట్లాడతాను. మధ్యలో ల్యాబ్ సంగతులు వచ్చినప్పుడు మిగతావాళ్లు కాస్త ఓపిక పట్టండి.

"పిల్లాడికి ఏమైందమ్మా" అని అడిగితే "ఏం లేదండీ, కొంచెం ఈస్నోఫీలియా" అంటారు. ఉబ్బసం అనరు, ఆస్తమా అసలే అనరు. ఆడపిల్లయితే మరీను, రేపు సంబంధాలు చూడాలి కదా. ఇటు సంగారెడ్డి, వికారాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లు "రాత్రయితే దమ్ము లేస్తది" అంటారు. నన్నడిగితే దమ్ము అన్నదే నిజాయితీ ఉన్న మాట. రోగికి ఏమవుతోందో అది చెబుతుంది. ఈస్నోఫీలియా అనేది రోగం పేరే కాదు. రక్తంలో ఒక రకం తెల్లకణం లెక్క ఎక్కువుందని మాత్రమే దాని అర్థం. ఎందుకు ఎక్కువైందో అందులో లేదు. "జ్వరం ఉంది" అంటే మలేరియానా, టైఫాయిడా తెలియనట్టే ఇదీ.

అయితే ఒక తమాషా ఉంది. ఏ మాటనైతే మనవాళ్లు ఆస్తమాను దాచడానికి వాడారో, ఆ కణం చుట్టూనే ఆస్తమా పరిశోధన అరవై ఏళ్లు తిరిగింది. వార్డులో రోగిని చూసి, మైక్రోస్కోపు దగ్గరికెళ్లి, మళ్లీ వార్డుకు వచ్చిన కొద్దిమంది డాక్టర్ల పని అది. ఈ సాయంత్రం వాళ్ల గురించి, వాళ్లు నేర్పిన పద్ధతి గురించి మాట్లాడదాం.

కణం పేరు నుంచే మొదలుపెడదాం. 1879లో జర్మనీలో పాల్ ఏర్లిక్ రక్తపు చుక్కను ఈయోసిన్ అనే రంగుతో తడిపి చూస్తే, కొన్ని కణాల్లోని గింజలు ఆ రంగును బాగా పీల్చుకుని ఎర్రగా మెరిశాయి. వాటికి ఈయోసినోఫిల్ అని పేరు పెట్టాడు. ఆ రంగు పేరుకు మూలం గ్రీకుల ఈయోస్, అంటే తెల్లవారు వెలుగు. మన ఉషస్సుకు చుట్టరికమున్న మాటే. స్లయిడ్ మీద ఆ గులాబీ ఎరుపు చూసిన టెక్నీషియన్లకు పేరు ఎంత సరిపోయిందో తెలుసు.

ఇప్పుడు మన ఊళ్ల వైపు వద్దాం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం ఉండేది. అక్కడ పనిచేసిన ఫ్రిమోట్-మోలర్, బార్టన్ అనే ఇద్దరు డాక్టర్లు 1940లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఒక వ్యాసం రాశారు. దగ్గు, ఆయాసం, సన్న జ్వరం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా చిన్న చిన్న మచ్చలు. చూడ్డానికి అచ్చం క్షయే. కానీ కఫంలో క్షయ క్రిమి దొరకదు, రక్తంలో ఈయోసినోఫిళ్లు మాత్రం విపరీతం. దాన్ని వాళ్లు క్షయను పోలిన స్థితి అన్నారు. 1943లో బొంబాయి నుంచి వైన్‌గార్టెన్ ఇలాంటి రోగుల గురించే లాన్సెట్ అనే వైద్యపత్రికలో రాసి ట్రాపికల్ ఈస్నోఫీలియా అని పేరు పెట్టాడు. అలాంటి ఒక రోగికి సిఫిలిస్ కూడా ఉంటే ఆర్సెనిక్ మందు ఎక్కించారు, ఆయాసం తగ్గింది. దాంతో కొన్నేళ్లపాటు ఆర్సెనికే వైద్యమైంది.

అసలు కారణం తర్వాత తేలింది. అది బోదకాలు పురుగు. దోమ ద్వారా వచ్చిన ఫైలేరియా పిల్లపురుగులు ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే, కొందరి శరీరం వాటి మీద అతిగా విరుచుకుపడుతుంది. పిల్లపురుగులు అక్కడే నాశనమైపోతాయి కాబట్టి రాత్రిపూట రక్తం తీసి చూసినా దొరకవు. దీనికి పనిచేసిన మందు డైఇథైల్‌కార్బమజీన్. మన పెద్దవాళ్లు హెట్రజాన్ అనేవారు. ఇది అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనశాలలో, యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనల అధిపతిగా ఉండగా, 1947లో బయటికొచ్చింది. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్‌కు వెళ్లినాయన. రోగం మదనపల్లెలో రాతకెక్కింది, మందు భీమవరపాయన బృందం నుంచి వచ్చింది. ఇంత దగ్గరి కథ మన వైద్య కళాశాలల్లో ఒక్క లెక్చర్‌గా కూడా చెప్పకపోవడం నాకు కొరుకుడుపడదు.

మోతాదు గుర్తుపెట్టుకోండి. ఒంటి బరువులో కిలోకు 6 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు, 3 వారాలు. 60 కిలోల మనిషికి రోజుకు 360 మిల్లీగ్రాములు, మూడు పూటలకు పంచి. ఇక్కడ జరిగే పొరపాటు, వారానికే తగ్గిందని ఆపేయడం. కొందరికి తిరగబెడుతుంది, మళ్లీ కోర్సు ఇవ్వాల్సి వస్తుంది.

దీన్ని ఆస్తమా నుంచి ఎలా విడదీయాలి? ట్రాపికల్ ఈస్నోఫీలియాలో లెక్క సాధారణంగా మైక్రోలీటరుకు 3,000 దాటుతుంది. ఆస్తమాలో 300, 600, 900 దగ్గర తిరుగుతుంది, 1,500 దాటితే వేరే ఏదో ఉందని అనుమానించాలి. జ్వరం, బరువు తగ్గడం ఆస్తమా లక్షణాలు కావు. మన దగ్గర జరిగిన నష్టం ఎక్కడంటే, ఏఈసీ, అంటే రక్తంలో ఈయోసినోఫిళ్ల లెక్క, 550 ఉన్న మామూలు ఆస్తమా రోగికి కూడా "ఈస్నోఫీలియా" అని చెప్పి మూడు వారాల హెట్రజాన్ ఇచ్చి పంపేయడం. తగ్గదు. మళ్లీ ఇస్తారు. ఈలోగా శ్వాసనాళాల్లో వాపు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

ఇక ఆస్తమాకు వద్దాం. 1956లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ దీర్ఘకాల ఆస్తమాలో కార్టిసోన్ అనే స్టెరాయిడ్ మీద పరీక్ష జరిపి, పెద్ద ప్రయోజనం లేదని తేల్చింది. స్టెరాయిడ్ కథ అక్కడితో ముగిసిపోవాల్సిందే. డెర్బీలో హ్యారీ మారో బ్రౌన్ అనే డాక్టర్ మాత్రం తన క్లినిక్‌లో మైక్రోస్కోపు పెట్టుకుని, రోగి దగ్గి ఉమ్మిన కఫాన్ని స్లయిడ్ మీద పూసి చూసేవాడు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రతో ఎవరికి నయమవుతోంది, ఎవరికి కావట్లేదు అని పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తేలింది. కఫంలో ఈయోసినోఫిళ్లు ఉన్నవాళ్లకే స్టెరాయిడ్ పనిచేస్తోంది. అవి లేనివాళ్లకు పనిచేయట్లేదు. 1958లో లాన్సెట్‌లో ఇది వచ్చింది. పిల్లికూతలన్నీ ఒకే రోగమని కలిపేసి సగటు తీసినందువల్లే ప్రయోజనం కనిపించకుండా పోయింది. 1972లో పీల్చే స్టెరాయిడ్ బెక్లోమెథాసోన్ మీద ఫలితాలు రాసిందీ ఈయన బృందమే. మీ బ్యాగుల్లో ఉన్న ఇన్‌హేలర్లకు అదే పూర్వీకుడు.

మైక్రోస్కోపు ఒక్కటీ, ఓపిక కొంచెం. అందులో గొప్ప యంత్రం ఏమీ లేదు. అయినా ఆ పద్ధతిని ముప్పై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే అందరూ అడగ్గానే కఫం తీయలేరు, తీసినా సగం ఉమ్మే ఉంటుంది. ఆ చిక్కును విప్పినవాళ్లలో ముఖ్యుడు ఫ్రెడీ హార్‌గ్రీవ్. ఇంగ్లండ్ నుంచి వెళ్లి కెనడాలోని హామిల్టన్‌లో, మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డాడు. శ్వాసనాళం ఎంత చిరాకుగా ఉందో కొలిచే పరీక్షను అక్కడ డాన్ కాక్‌క్రాఫ్ట్‌తో కలిసి 1977లో రాతలో పెట్టాడు. 1990లలో కఫం పరీక్షను ఎవరు చేసినా ఒకే ఫలితం వచ్చేలా ఒక వరసలో పెట్టింది కూడా ఆ బృందమే. ఈ వరసను కొంచెం నిదానంగా చెబుతాను. ల్యాబ్ వాళ్లు రాసుకోండి.

ముందు రోగికి శ్వాసనాళాన్ని వదులు చేసే సాల్బుటమాల్ 200 మైక్రోగ్రాములు పీల్పించి, పదిహేను నిమిషాలు ఆగి స్పైరోమెట్రీ, అంటే గాలి ఊదించి కొలిచే పరీక్ష, చేయండి. ఒక్క సెకనులో ఊదిన గాలి, ఎఫ్‌ఈవీ1, ఆ అంకెను పక్కన రాసిపెట్టండి. సాల్బుటమాల్ ఎందుకంటే, మనం ఇప్పుడు పీల్పించబోయే ఉప్పునీరే దమ్ము తెప్పించగలదు. తర్వాత అల్ట్రాసోనిక్ నెబులైజర్‌లో 3 శాతం ఉప్పునీరు 7 నిమిషాలు. ఆపి, నోరు పుక్కిలించి, ముక్కు చీది, లోపల్నుంచి దగ్గి డబ్బాలో ఉమ్మమనండి. వెంటనే మళ్లీ స్పైరోమెట్రీ. తర్వాత 4 శాతం 7 నిమిషాలు, ఆ తర్వాత 5 శాతం 7 నిమిషాలు. ఏ దశలోనైనా ఎఫ్‌ఈవీ1 పది నుంచి ఇరవై శాతం మధ్య పడితే గాఢత పెంచకండి. ఇరవై దాటి పడితే పరీక్ష ఆపేసి మందు ఇవ్వండి.

వచ్చిన కఫాన్ని పెట్రీ డిష్‌లో పోసి, నల్లటి గుడ్డో కాగితమో కింద పెట్టి చూడండి. ఉమ్మి నీళ్లలా, నురగగా పరుచుకుంటుంది. కఫం చిక్కగా, దారాల్లా, చిన్న ముద్దలుగా ఉంటుంది. ఆ ముద్దల్ని మాత్రమే చిమటాతో ఏరి తూకం వేయాలి. మొత్తం పనిలో చేతి నేర్పు కావాల్సింది ఇక్కడే. ఉమ్మి కలిసిందా, కింద స్లయిడ్‌లో నోటి చర్మపు కణాలే కనిపిస్తాయి. ఏరిన కఫం బరువుకు నాలుగింతలు 0.1 శాతం డైథయోథ్రీటాల్ కలిపి పావుగంట ఊగించాలి. ఇది కఫంలోని జిగురు బంధాల్ని తెంచుతుంది. తర్వాత అంతే పరిమాణంలో బఫర్ కలిపి, 48 మైక్రాన్ల నైలాన్ జల్లెడలో వడగట్టి, సైటోస్పిన్‌లో తిప్పి, రైట్ స్టెయిన్ వేయాలి. నోటి కణాల్ని వదిలేసి 400 కణాలు లెక్కపెట్టండి. వందా రెండొందలతో సరిపెట్టకండి. ఎందుకంటే ఈయోసినోఫిళ్లు ఎక్కువా కాదా అని విడదీసే గీత 2, 3 శాతం దగ్గర ఉంది. వంద కణాల్లో ఒక్కటి అటూ ఇటూ అయితే వైద్యమే మారిపోతుంది. డబ్బాలో పడ్డప్పట్నుంచి రెండు గంటల్లోపు ఇదంతా కావాలి. ఆలస్యమైతే కణాలు చితికిపోతాయి.

మన దగ్గర దీనికి ఇంకో షరతు ఉంది, క్షయ. రోగి చేత కావాలని దగ్గిస్తున్నాం. క్షయ లేదని ముందే తేల్చుకోకుండా, గాలి బాగా మారే గది లేకుండా, మామూలు ఓపీ గదిలో ఇది చేయకూడదు. పక్కన కూర్చున్న టెక్నీషియన్‌కు ఎన్95 మాస్క్ తప్పనిసరి. ఇంత తతంగం వల్లే పరీక్ష పెద్దగా వ్యాపించలేదని ఒప్పుకోవాలి.

మరి అంత కష్టపడి ఏం సాధించారు? ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఇయాన్ పావర్డ్ బృందం 74 మంది ఆస్తమా రోగుల్ని రెండు జట్లు చేసి ఏడాది పాటు చూసింది. ఒక జట్టుకు లక్షణాల్ని బట్టి మందు. రెండో జట్టుకు కఫంలో ఈయోసినోఫిల్ లెక్కను బట్టి మందు. 2002లో లాన్సెట్‌లో ఫలితం వచ్చింది. మొదటి జట్టులో తీవ్రంగా ముదిరిన సందర్భాలు 109, రెండో జట్టులో 35. రెండు జట్లకూ వెళ్లిన స్టెరాయిడ్ మొత్తం దాదాపు సమానమే. అంటే మందు పెంచలేదు. కావాల్సినవాళ్లకు పెట్టారు, అక్కర్లేనివాళ్లకు తీశారు.

ఇదే సమయంలో ఇంకో కథ తప్పుదారి పట్టి, మళ్లీ దారికొచ్చింది. ఎముక మజ్జలో ఈయోసినోఫిళ్లు పుట్టడానికి ఇంటర్‌ల్యూకిన్-5 అనే సంకేతం కావాలి. దాన్ని అడ్డుకునే ఇంజెక్షన్, మెపోలిజుమాబ్, తయారైంది. 2000లో తేలికపాటి ఆస్తమా ఉన్న 24 మందిలో చూశారు. రక్తంలో కణాలు మాయమయ్యాయి, ఆస్తమా మాత్రం కదల్లేదు. 2007లో 362 మందిలో చూశారు, లక్షణాల్లో తేడా రాలేదు. ఈయోసినోఫిల్‌కూ ఆస్తమాకూ సంబంధం లేదని చాలామంది చేతులు దులుపుకున్నారు. 1956లో జరిగిన పొరపాటే మళ్లీ జరిగింది. రోగుల్ని ఆ కణాన్ని బట్టి ఎంచుకోలేదు, కొలిచిందీ రోజువారీ లక్షణాలే.

2009లో ఒకే సంచికలో రెండు పత్రాలు వచ్చాయి, న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో. ఒకటి హామిల్టన్ నుంచి పరమేశ్వరన్ నాయర్‌ది, రెండోది లెస్టర్ నుంచి హల్దర్, పావర్డ్‌లది. నాయర్ తీసుకున్నది 20 మందినే. ప్రెడ్నిసోన్ మాత్ర లేకుండా బతకలేని, అయినా కఫంలో ఈయోసినోఫిళ్లు తగ్గని రోగులు. పోలిక కోసం మందు లేని ఉత్త డోసు తీసుకున్నవాళ్లలో 12 సార్లు ముదిరితే, మెపోలిజుమాబ్ జట్టులో ఒక్కసారే. స్టెరాయిడ్ మాత్ర కూడా బాగా తగ్గించగలిగారు. 362 మందిలో కనిపించనిది 20 మందిలో కనిపించింది. 2015 నవంబర్‌లో అమెరికాలో ఆ మందుకు అనుమతి వచ్చింది. ఇప్పుడు మన నగరంలోనూ దొరుకుతుంది. నాలుగు వారాలకోసారి చర్మం కింద 100 మిల్లీగ్రాములు. ఖరీదు సంగతి మీకే తెలుసు. అందుకే ఎవరికి అవసరమో ముందు తేల్చుకోవడం మనకు మరీ ముఖ్యం.

కఫం పరీక్ష అందుబాటులో లేనిచోట రక్తంలో ఏఈసీయే ఆధారం. ప్రతి వీధి ల్యాబూ సీబీపీ, అంటే రక్తకణాల లెక్క పరీక్ష, చేస్తుంది. కానీ రిపోర్టు చదవడంలో తప్పులు చాలా జరుగుతాయి.

మొదటి తప్పు, శాతాన్ని చూసి ఊరుకోవడం. తెల్లకణాలు 14,000, ఈయోసినోఫిళ్లు 3 శాతం అనుకోండి. 3 శాతం అంటే మామూలేగా అనిపిస్తుంది. గుణించి చూస్తే 420. ఇంకొకరికి తెల్లకణాలు 5,000, ఈయోసినోఫిళ్లు 7 శాతం. రిపోర్టులో 7 పక్కన ఎర్ర గుర్తు ఉంటుంది, లెక్క 350 మాత్రమే. శాతం కాదు, గుణించిన అంకె చూడండి.

రెండోది ఇంకా పెద్దది. రోగి దమ్ముతో ఆర్‌ఎంపీ డాక్టర్ దగ్గరికెళ్లి డెరిఫిలిన్, డెకడ్రాన్ సూదులు వేయించుకుని, మర్నాడు పొద్దున మన దగ్గరికొచ్చి సీబీపీ చేయించుకుంటాడు. ఏఈసీ 20. "మీకు ఈస్నోఫిల్ ఆస్తమా కాదు" అని రాసేస్తాం. డెకడ్రాన్ స్టెరాయిడే, అది కొన్ని గంటల్లోనే ఆ కణాల్ని రక్తంలోంచి ఖాళీ చేస్తుంది. సూది పడకముందే రక్తం తీయాలి. పడిపోతే ఒకటి రెండు వారాలు ఆగి మళ్లీ చూడాలి. తీవ్ర ఆస్తమాలో ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకూడదు, మూడుసార్ల వరకూ చూడండి. పెద్ద మోతాదు ఇన్‌హేలర్ వాడుతున్నా 150 పైన ఉంటే ఈ రకం వాపు ఇంకా రగులుతోందని అర్థం. ఇంకో చిన్న సంగతి, ఈ లెక్క రాత్రి ఎక్కువగా, పొద్దున తక్కువగా ఉంటుంది. పోల్చాలంటే ఒకే వేళకు తీయించండి.

మూడోది పురుగులు. పొలంలో చెప్పులు లేకుండా తిరిగేవాళ్లకు కొంకిపురుగు, స్ట్రాంగిలాయిడిస్ పట్టుకుంటాయి. వాటితోనూ ఈయోసినోఫిళ్లు పెరుగుతాయి. స్ట్రాంగిలాయిడిస్ ఉన్నవాళ్లకు స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి ఇస్తే ఆ పురుగు ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. మలపరీక్ష ఒక్కసారి చేస్తే దొరక్కపోవచ్చు. అనుమానం ఉంటే ముందే ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు గురించి ఆలోచించండి.

నాలుగోది బూజు, ఆస్పర్‌జిల్లస్. మందులన్నీ వాడుతున్నా అదుపులోకి రాని ఆస్తమా, గోధుమ రంగు గట్టి కఫపు ముద్దలు, ఎక్స్‌రేలో ఓసారి ఇక్కడా ఓసారి అక్కడా నీడలు. ఇలాంటివాళ్లకు ఆస్పర్‌జిల్లస్ ఐజీఈ, మొత్తం ఐజీఈ అనే అలర్జీ రక్తపరీక్షలు చేయించండి. ఎక్స్‌రే నీడ చూసి క్షయ మందులు మొదలుపెట్టడం మన దేశంలో చాలా పాత పొరపాటు. ఆరోగ్యవరం డాక్టర్లు 1940లో హెచ్చరించింది ఇలాంటి దాని గురించే. ఈ జబ్బు మీద చండీగఢ్ పీజీఐలో రితేష్ అగర్వాల్ బృందం చేసిన పని ప్రపంచమంతా వాడుతోంది. 131 మందిలో ప్రెడ్నిసొలోన్‌నూ బూజును చంపే ఇట్రాకొనజోల్‌నూ పోల్చి చూసింది. మొదటిది అందరికీ పనిచేసింది, రెండోది 88 శాతం మందికి. దుష్ఫలితాలు మాత్రం రెండోదానిలో తక్కువ. షుగరున్న రోగికి ఏది ఎంచాలో అక్కడే సమాధానం ఉంది.

ఇక ఇంట్లో వాడే మందుల సంగతి. నీలం పంపు, అంటే సాల్బుటమాల్ ఇన్‌హేలర్, శ్వాసనాళం చుట్టూ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది. ఈయోసినోఫిళ్ల జోలికి పోదు. లోపల మంట అలాగే ఉంటుంది, పొగ మాత్రం కిటికీలోంచి పోయినట్టు. 2014లో బ్రిటన్‌లో ఆస్తమా మరణాలను ఒక్కొక్కటిగా తిరగేసి చూశారు. రికార్డులు దొరికిన 165 మందిలో 65 మందికి అంతకుముందు ఏడాదిలో 12 కంటే ఎక్కువ నీలం పంపులు రాసి ఉన్నాయి. ఒక్కో పంపులో 200 మోతాదులు. ఫార్మసీ వాళ్లకు నా మనవి: ఒకే మనిషి ఏడాదిలో మూడో పంపు అడిగాడంటే, ఆస్తమా అదుపులో లేదు. డాక్టర్ దగ్గరికి పంపండి.

న్యూజిలాండ్‌లో రిచర్డ్ బీస్లీ అనే డాక్టర్ తన జీవితమంతా ఈ రిలీవర్ల, అంటే వెంటనే ఊరటనిచ్చే పంపుల, మీదే పనిచేశాడు. 1970లలో, 80లలో అక్కడ యువకులు ఆస్తమాతో ఎక్కువగా చనిపోతుంటే, ఫెనొటెరాల్ అనే ఘాటైన రిలీవర్‌కు దాంతో ఉన్న ముడిని 1989లో బయటపెట్టిన బృందంలో ఉన్నాడు. మూడు దశాబ్దాల తర్వాత, 2019లో, 668 మంది తేలిక ఆస్తమా రోగులతో చేసిన నోవెల్ స్టార్ట్ పరీక్షలో, సాల్బుటమాల్ బదులు బుడెసొనైడ్–ఫార్మోటెరాల్‌ను అవసరమైనప్పుడు పీల్చినవాళ్లకు ముదిరిన సందర్భాలు సుమారు సగానికి తగ్గాయని చూపించాడు. బుడెసొనైడ్ స్టెరాయిడ్ కాబట్టి, ఊరట కోసం తీసుకునే ప్రతి పీల్పుతో కొంత స్టెరాయిడ్ కూడా లోపలికి పోతుంది. అదే ఏడాది ఆస్తమాకు ప్రపంచస్థాయిలో వచ్చే జీనా మార్గదర్శకాలు పెద్దవాళ్లకు ఒట్టి నీలం పంపుతో వైద్యం వద్దని రాశాయి. పెద్దవాళ్లు 200/6 మోతాదు పంపును రోజు మొత్తం మీద 12 సార్లకు మించి వాడకూడదు. అంతవరకూ పోవాల్సి వచ్చిందంటే ఆ రోజే ఆసుపత్రికి రావాలి.

సూదులూ, స్టెరాయిడ్ మాత్రల గురించి ఒక్క మాట. ముదిరినప్పుడు 40–50 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ 5–7 రోజులు వాడటం సరైన వైద్యమే. కానీ జీవితం మొత్తంలో నాలుగైదు కోర్సులు దాటినా షుగరు, ఎముకల బలహీనత, శుక్లాల ముప్పు పెరుగుతుంది. నెలకో డెకడ్రాన్ సూది వేయించుకుంటూ "పంపు అలవాటైపోతుంది" అని భయపడేవాళ్లను చూస్తే ఏం చెప్పాలో తోచదు. పంపులో ఉండేది మైక్రోగ్రాముల్లో, మాత్రలో ఉండేది మిల్లీగ్రాముల్లో. ఒక మిల్లీగ్రాము అంటే వెయ్యి మైక్రోగ్రాములు.

ఇప్పుడు ప్రశ్నలు. అటు పక్కన చెయ్యెత్తారు, చెప్పండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మృగశిర కార్తెకు నాంపల్లిలో వేసే చేప మందు గురించి మీరేమంటారు?

ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం ఉచితంగా ఇస్తుంది, కొర్రమీను పిల్ల నోట్లో పసుపు రంగు ముద్ద పెట్టి మింగిస్తారు. ఎంతోమంది నమ్మకం అది, దాన్ని ఎగతాళి చేయను. ఆస్తమా మీద పనిచేస్తుందని పోల్చి చూసిన పరీక్షలో నిలిచిన రుజువు లేదు. ఆస్తమా దానంతటదే పెరిగి తరిగే జబ్బు. బాగా ఎక్కువైనప్పుడు ఏం మింగినా తర్వాత కొంత తగ్గుతుంది, ఆ ఘనత మింగినదానికి పోతుంది. నేను అడిగేది ఒక్కటే. వెళ్లేవాళ్లు వెళ్లండి, క్యూలో నిలబడ్డప్పుడు జేబులో పంపు పెట్టుకోండి. తిరిగొచ్చాక పంపు ఆపొద్దు. జూన్ రెండో వారం తర్వాత ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లలో ఆపేసినవాళ్లుంటే అది మాకు చాలా కష్టం.

ప్రశ్న: మా అమ్మగారికి పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం. ఆస్తమా అని రెండేళ్లుగా పంపు వాడుతున్నారు, తగ్గలేదు. ఏఈసీ మామూలుగానే ఉంది.

ఇంట్లో కూలర్ ఉందా? బాల్కనీలో పావురాలున్నాయా? రెండూ ఉన్నాయంటున్నారు. అయితే ఊపిరితిత్తుల నిపుణుల దగ్గర హెచ్‌ఆర్ సీటీ, అంటే ఊపిరితిత్తుల్ని సూక్ష్మంగా చూపే స్కాన్, చేయించండి. ఇది ఆస్తమా కాకపోవచ్చు. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అని, పావురాల రెట్టల పొడి, తడిసిన కూలర్ గడ్డిలో పెరిగే బూజు వల్ల ఊపిరితిత్తి కణజాలమే గట్టిపడే జబ్బు ఒకటుంది. మన దేశంలో 19 నగరాల్లో 1,084 మంది ఇలాంటి ఊపిరితిత్తుల రోగుల్ని నమోదు చేసి 2017లో ప్రచురించారు. దాదాపు సగం మందికి ఉన్నది ఇదే, వాళ్లలో దాదాపు సగం మంది కూలర్ వాడేవాళ్లు. స్పైరోమెట్రీలో ఆస్తమా అయితే గాలి బయటికి పోవడం నెమ్మదిస్తుంది, ఇందులో ఊపిరితిత్తి పరిమాణమే కుంచించుకుపోతుంది. సీటీ వచ్చేదాకా కూలర్ ఆపేయండి, పావురాలకు గింజలు వేయడం మానిపించండి, బాల్కనీకి వల కట్టించండి. రెట్టలు ఎండినప్పుడు ఊడవకండి, నీళ్లు చల్లి తడి గుడ్డతో ఎత్తండి. ఆ పని ఆవిడ చేత చేయించకండి.

ప్రశ్న: ప్రభుత్వ బడిలో టీచర్‌ని. పిల్లాడికి ఉన్నట్టుండి దమ్ము వస్తుంది. పంపు ఉంది, మందు పీల్చడానికి పంపుకు తగిలించే గొట్టం, స్పేసర్, లేదు. ఏం చేయాలి?

మంచి ప్రశ్న. కేప్‌టౌన్‌లో హెదర్ జార్ అనే పిల్లల డాక్టర్ దీని మీదే పరీక్ష చేసింది. 1999లో లాన్సెట్‌లో వచ్చింది. 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాతో చేసిన స్పేసర్, కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసింది. థర్మాకోల్ కప్పు మాత్రం పనికిరాలేదు. అందుకే కప్పులో రంధ్రం పెట్టి ఇవ్వడం మానేయండి.

అర లీటరు నీళ్ల సీసా ఒకటి తీసుకోండి. పంపు మూతి ఎంత ఉందో అదే ఆకారంలో ఇనుప తీగను వంచి, స్టవ్ మీద ఎర్రగా కాల్చి, సీసా అడుగున అద్దండి. ప్లాస్టిక్ కరిగి సరిగ్గా మూతి పట్టేంత రంధ్రం పడుతుంది. కత్తితో కోస్తే అంచు వదులై మందు పక్కనుంచి పోతుంది. వెచ్చగా ఉండగానే పంపు దూర్చి, సందులుంటే బయటివైపు జిగురుతో మూసేయండి. జిగురు పూర్తిగా ఆరాక, పంపు తీసేసి, సీసాను గిన్నెల సబ్బునీళ్లలో ముంచి తీసి బోర్లించండి. లోపల తుడవకండి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్‌కు పుట్టే స్టాటిక్ విద్యుత్తు మందును గోడకే లాగేస్తుంది.

దమ్ము వచ్చినప్పుడు పిల్లాణ్ని కూర్చోబెట్టండి, పడుకోబెట్టొద్దు. పంపు బాగా ఊపి సీసాకు తగిలించి, సీసా మూతిని పిల్లాడు పెదాలతో గట్టిగా పట్టుకోవాలి. ఒక్కసారి నొక్కండి, ఐదారు మామూలు ఊపిర్లు పీల్చి వదలనివ్వండి. మళ్లీ ఊపి రెండోసారి. రెండు మూడు నొక్కులు ఒకేసారి సీసాలోకి కొట్టొద్దు, సగం గోడకే అంటుకుంటుంది. ఇలా నాలుగు నొక్కులిచ్చి, ఇరవై నిమిషాలు చూడండి. తగ్గకపోతే మళ్లీ నాలుగు, అలా గంటలో మూడుసార్ల వరకూ. పిల్లాడు పూర్తి వాక్యం పలకలేకపోయినా, పెదాలు నీలంగా మారినా ఆ ఇరవై నిమిషాలు కూడా ఆగొద్దు, 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా పంపు మందు ఇస్తూనే ఉండండి.